బిందె పట్టే డిక్కీ

పత్రికలో నా చివరి కొన్నేళ్లు వాణిజ్యం పేజీలో గడిచాయి. పంట ధరలు, బ్యాంకు వార్తలు, వారానికోసారి కార్ల గురించి అర పేజీ. కార్ల కంపెనీలు పంపే ప్రకటనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. పాత కారుకు ముందు దీపాలు మార్చి, సీట్ల గుడ్డ మార్చి ‘సరికొత్త’ అని రాసేవారు. విదేశంలో అప్పటికే తిరుగుతున్న కారును ఓడలోంచి దింపి, దాన్నీ ‘సరికొత్త’ అనే రాసేవారు. డెస్కులో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. ఏది ఇక్కడ తయారైందో, ఏది బయటి నుంచి వచ్చిందో మొదటి పేరాలోనే చెప్పండి, తర్వాత ఎంత పొగిడినా పాఠకుడు చూసుకుంటాడు అనేవాణ్ని.

ఆ తేడా మూలంగా ఒక మనిషికి అన్నం సయించకపోవడం మాత్రం నేను రిటైరయ్యాకే చూశాను. ఆ మనిషి మా బావమరిది.

అతనికి రాజమండ్రిలో ఓ మోస్తరు కార్ల షోరూం ఉంది. వెనక రిపేరు షెడ్డు. షోరూంలో పేరుకు నాలుగు రకాల కార్లు నిలబెట్టి ఉన్నా, నిజంగా అమ్ముడయ్యేది ఒకటే. దానికి అందం లేదు. పైకప్పు ఎత్తు, వెనక భాగం నిటారు. పక్క నుంచి చూస్తే అట్టపెట్టెకు చక్రాలు బిగించినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ, “మా తమ్ముడు దీన్ని అమ్మి బతుకుతున్నాడా?” అని నిజంగానే దిగులు పడింది. తర్వాత మేమూ అదే కొన్నాం. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ నడుం వంచకుండా ఎక్కి కూర్చోగలిగిన కారు అదొక్కటే. జంగారెడ్డిగూడెం నుంచి నరసాపురం దాకా, పొలం ఉన్నవాళ్లూ కొట్టు ఉన్నవాళ్లూ దాన్నే కొనుక్కునేవారు.

ఓ వేసవి ఉదయం అతను మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ వేసిన ఉప్మా పెసరట్టు సగం తిని పక్కన పెట్టేశాడు.

“ఏరా, పెసరట్టు వదిలేశావంటే ఒంట్లో బాలేదా, షోరూంలో బాలేదా?” అంది ఆవిడ.

“షోరూంలోనే అక్కా. బండి ఆపేస్తారంట.”

“ఏ బండి?”

“మనం బతికేది ఏ బండి మీద? అదే.”

తర్వాత నాకు వివరంగా చెప్పాడు. ఆ కారు పాతబడింది. కంపెనీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, దాన్నే మళ్లీ గీయించి కొత్తగా చేయడం. అంటే రేకులు నొక్కే అచ్చులన్నీ కొత్తవి చేయించాలి, ఫ్యాక్టరీలో వరస మార్చాలి, ఖర్చూ కాలమూ రెండూ పడతాయి. రెండోది, దాన్ని ఆపేసి కంపెనీ వేరే దేశంలో అమ్ముతున్న కారును తెప్పించడం. అచ్చుల ఖర్చుండదు, త్వరగా వచ్చేస్తుంది. కాకపోతే దిగుమతి సుంకం పడి ధర పెరుగుతుంది, విడిభాగాలు కూడా ఓడ దిగాల్సిందే, అమ్మకం పెద్ద ఊళ్లలోనే.

“విశాఖపట్నం, విజయవాడ ఉంచుతారంట బావగారూ. మధ్యలో మీ ఊరెందుకంటున్నారు. షోరూం మూసేస్తే నేనేదో ఒకటి చేసుకుంటాను. షెడ్డులో వాళ్లందరూ ఏం చేస్తారండీ? ఆ బండి విప్పడం, బిగించడం తప్ప వాళ్లకి ఇంకోటి రాదు.”

కంపెనీ వాళ్లు ఏమీ తేల్చుకోక ముందు కొన్ని ఊళ్లు తిరిగి, పాత కారున్నవాళ్లకు రెండూ పక్కపక్కన చూపించి మాట వింటారట. మన జిల్లాల వంతు వచ్చే వారమే.

“తెలుగులో అడిగి ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలన్నారండి. మిమ్మల్ని చెప్పేశాను.”

“నన్నడక్కుండానే?”

“అడిగితే వద్దంటారని.”

“సరేగానీ, ఒక్క మాట. వాళ్లు చెప్పింది చెప్పినట్టే చెప్తాను. నీ కోసం ఒక్క ముక్క కలపను.”

“కలపక్కర్లేదండీ! కొన్నవాళ్లే కదా వచ్చేది. మన బండిని కాదంటారేంటి?”

ఆ ధైర్యంతోనే కొంచెం చట్నీ వేసుకున్నాడు, పెసరట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

కంపెనీ కోరింది చాలా సాదాగా ఉంది. ఒక పెద్ద నీడ, రెండు కార్లు, రెండింటి మీదా పేర్లు కనపడకుండా నల్ల టేపు, వచ్చినవాళ్లకు టీ, బిస్కెట్లు. ఏది ఎవరి కారో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ చెప్పకూడదు. మా బావమరిది ఇందులో నల్ల టేపు ఒక్కటి సరిగా పాటించాడు. ఊరి చివర కల్యాణ మండపం మాట్లాడాడు. గుమ్మానికి అరటి బోదెలు కట్టించాడు. టీ బిస్కెట్ల సంగతి ఎత్తితే నన్ను వింతగా చూశాడు.

“ఇంత ఎండలో పిలిచి, భోజనం పెట్టకుండా మాట్లాడించడమేంటండీ? రేపు మళ్లీ వాళ్ల మొహం చూడాలా వద్దా?”

అంతటితో ఆగినా బాగుండేది. ఓడలో వచ్చిన కారు ముందు అద్దం మీద బంతిపూల దండ వేయించాడు.

కంపెనీ తరఫున ఇద్దరొచ్చారు. ఒకాయన ఢిల్లీ వైపు నుంచి, పెద్ద ఉద్యోగి. రెండో మనిషి చెన్నై అమ్మాయి, కార్ల రూపం గీసే ఇంజనీరు. కాలేజీలో తెలుగు స్నేహితురాళ్లుండేవారట, మన మాట సగం అర్థమయ్యేది, పావు వంతు మాట్లాడేది. పెద్దాయన దండ చూసి ఇదేమిటని అడిగాడు. అతిథి మర్యాద అని చెప్పాను. అతిథి తనే అనుకుని ఆయన నమస్కారం పెట్టాడు.

కార్లున్నవాళ్లు పెళ్లికి వచ్చినట్టే వచ్చారు. అందరి గురించీ చెప్పను. ముగ్గురు చాలు. రాజమండ్రిలో బట్టల కొట్టున్న షావుకారుగారు. నరసాపురం నుంచి లేసు వ్యాపారం చేసే ఒకావిడ, ఊళ్లలో ఆడవాళ్లు అల్లిన లేసు పోగుచేసి పై ఊళ్లకు పంపుతుంది. జంగారెడ్డిగూడెం నుంచి పామాయిల్ తోటల రైతు, బాగా పొడగరి.

మా బావమరిది మైకు తీసుకున్నాడు.

“అందరికీ నమస్కారమండి. వీళ్లు ఢిల్లీ నుంచి, చెన్నై నుంచి మన కోసం ఇంత దూరం వచ్చారండి. ఈ బండి వీళ్లు సముద్రాలు దాటించి తెచ్చారండి. మన బండి సంగతి మనకి తెలిసిందే, చెప్పుకునేదేముంది. మొహమాటపడకండి. మీ మనసులో ఉన్నది చెప్పండి.”

పని చెడింది అక్కడే. అతనికి తెలియదు, నాకు కూడా మొదటి జవాబు వినేదాకా తట్టలేదు.

షావుకారుగారు కొత్త కారు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు. “అద్భుతమండి. రంగు చూడండి, పనసతొనలాగ మెరిసిపోతోంది.”

లేసు ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. కొప్పు పైకప్పుకు తగిలి, మెడ ఒక పక్కకు వాల్చుకోవాల్సి వచ్చింది. మెడ అలా వాల్చుకునే చెప్పింది. “చాలా సుఖంగా ఉందండి. దిగబుద్ధి కావడం లేదు.”

రైతు మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. “సోఫాలో కూర్చున్నట్టుందండి. ఆయ్, మా ఇంట్లో సోఫా కూడా ఇంత బాగుండదు.”

మరి మీ కారు సంగతేమిటని ఇంజనీరు అమ్మాయి అడిగింది.

“మాదేముందండీ, ఏదో తిరుగుతుంది.”

“మా బండి గురించి చెప్పుకోడానికేం లేదండి. పాతకాలపుది.”

“మీరు తెచ్చినదాని ముందు అదేం నిలబడుద్దండీ.”

నేను ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ పోయాను. పెద్దాయన తల ఊపుతూ పలక లాంటి ఫోనులో నొక్కుకుంటున్నాడు. మా బావమరిది నా భుజం వెనక చేరాడు.

“బావగారూ, అదేంటండీ ఇలా అంటున్నారు?”

“దండ వేసింది నువ్వే కదా.”

“దండ వేస్తే?”

“ఇంటికొచ్చినాయన తెచ్చిన వస్తువుకి దండేసి, నలుగురి ముందూ పెట్టి, ఇప్పుడు వంక పెట్టండంటే ఎవరు పెడతారు? నువ్వు పెడతావా?”

అతను కూడా పెట్టడు. వాళ్ల ఇంట్లో ఎవరూ పెట్టరు. మా ఇంట్లోనూ అంతే.

భోజనాల వేళకు పెద్దాయన ముఖంలో పని తేలిపోయిన హాయి కనిపించింది. విషయం స్పష్టంగా ఉంది, ఈ ప్రాంతం కొత్తదానికి సిద్ధంగా ఉంది అన్నాడు నాతో. అది కూడా విన్న మా బావమరిది లోపల ఎలా ఉన్నాడో నాకు తెలుసు. అయినా తనే వడ్డించాడు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్త ఆవకాయ, గుత్తి వంకాయ, బొబ్బట్లు, వాటి మీద నెయ్యి. అతిథుల విస్తళ్లలో ఆకు కనపడకుండా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, “ఏమీ చేయలేకపోయామండి. ఏదో ఉన్నంతలో,” అన్నాడు.

ఇంజనీరు అమ్మాయి నా పక్క విస్తరి ముందు కూర్చుంది. కాసేపు తిని, నెమ్మదిగా అడిగింది.

“సార్, అందరికీ కొత్త కారు నచ్చింది. కానీ ఎవరూ ధర అడగలేదు. చెన్నైలో మొదటి ప్రశ్న అదే.”

ఈ అమ్మాయి పత్రికలోకి వచ్చి ఉంటే బాగుండేదనిపించింది.

“మా బావమరిది ఇప్పుడేమన్నాడు, అర్థమైందా?” అన్నాను.

“ఏమీ చేయలేదు అన్నారు.”

“నీ విస్తరి చూడు.”

ఆ అమ్మాయి చూసింది. బొబ్బట్టు వైపు చూసింది, మా బావమరిది వైపు చూసింది, చేతి వెనక మొహం దాచుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“మాది మేం పొగుడుకోం. మీది మేం తక్కువ చెయ్యం. పొద్దుట్నుంచి నువ్వు విన్నదంతా ఇదే.”

“అయితే నిజం ఎలా తెలుస్తుంది సార్?”

“విలేకరిగా ఉన్న రోజుల్లో నేను అడగాల్సినవి అయిపోయాక, పెన్ను జేబులో పెట్టేసి, ఇంకాసేపు అక్కడే కూర్చునేవాణ్ని. అంతకంటే నాకేమీ తెలీదమ్మా.”

పెద్దాయన విమానం వేళ గురించి ఏదో అంటే, ఆ అమ్మాయి ఇంకాస్త ఆగుదామంది.

ఆగడం మంచిదైంది. మావాళ్లు అతిథుల్ని ఒట్టి చేతులతో పంపరు. రైతు ఒక అరటిగెల తెచ్చాడు. లేసు ఆవిడ బల్ల మీద పరిచే గుడ్డ ఒకటి, తట్ట నిండా కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్లు. షావుకారుగారి డ్రైవరు మూత వేసి గుడ్డ కట్టిన స్టీలు బిందె మోసుకొచ్చాడు. నిండా తాపేశ్వరం కాజాలు. “బిందె కూడా మీదేనండి,” అన్నాడు షావుకారుగారు.

ఇవన్నీ అతిథులు తిరిగి వెళ్లబోయే కారులో, అంటే దండ వేసిన కారులో, పెట్టాలని అందరూ కదిలారు. డిక్కీ తెరిచారు. ఆ కారు వెనక అద్దం ఏటవాలుగా దిగుతుంది, చూడ్డానికి ఎంతో బాగుంటుంది. బిందె లోపల నిలబెట్టి డిక్కీ మూత దించితే దిగలేదు. పక్కకు జరిపారు, దిగలేదు. ఇంకా లోపలికి తోశారు. సీటు వీపు అడ్డం.

“పడుకోబెడితే?” అన్నాడు రైతు.

“పాకం కారిపోద్దండీ!” అని షావుకారుగారు బిందెను కావలించుకున్నాడు.

పెద్దాయన కంగారుపడి, ఏమైంది, మా కారుతో ఇబ్బందా అని అడిగాడు. నేను అది తెలుగులో చెప్పగానే షావుకారుగారు గబగబా చెయ్యి ఊపాడు.

“అబ్బే, బండి తప్పేం లేదండి. బిందే కొంచెం ఎత్తు.”

“అవునండి,” అంది లేసు ఆవిడ. “ఈమధ్య బిందెలే పొడుగ్గా చేస్తున్నారు.”

“మాట వరసకి కాదండీ, గెల కూడా మా తోటలో అవసరానికి మించి పెరిగింది,” అన్నాడు రైతు.

నేను అక్షరం వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఇంజనీరు అమ్మాయి మళ్లీ చేతి వెనక మొహం దాచుకుంది.

చివరకు షావుకారుగారే, “మన బండిలో పెట్టించి వెనకాలే పంపిద్దామండి, విమానాశ్రయం ఎంత దూరం,” అన్నాడు. ఆయన కారు డిక్కీ ఎత్తారు. బిందె నిలబడింది. దాని పక్కన గెల, దాని పక్కన తట్ట. మూత పడింది. ఆ అమ్మాయి డిక్కీ మూత మళ్లీ ఎత్తమంది. లోపలి వైపు ఒకచోట గుండ్రంగా రంగు లేచిపోయి ఉంది. వేలు పెట్టి చూసి, ఇదేంటండీ అని అడిగింది, తెలుగులోనే.

షావుకారుగారు కొంచెం సిగ్గుపడ్డాడు. “అది బిందె అంచమ్మా. మాకు ముగ్గురాడపిల్లలు. సీమంతానికీ, పురిటికీ, పిల్లని అత్తారింటికి పంపినప్పుడూ సారె పట్టికెళ్లాలి కదా. బిందెలో మిఠాయి నిలువుగా వెళ్లాలి, నిలువుగా దిగాలి. గోతుల్లో బండి ఎగిరినప్పుడల్లా మూతకి తగిలి అలా అయింది. అందరి సారెలూ దీంట్లోనే వెళ్లాయి. మా ఆవిడ ఈ బండి అమ్మనివ్వదు.”

ఆయన ఎవరూ అడగకుండా మాట్లాడుతున్నాడని అప్పుడు గమనించాను. పెద్దాయన ఫోను జేబులో ఉంది. మండపం మెట్ల మీద అందరూ కూర్చున్నారు. లేసు ఆవిడ నరసాపురం రేవు సంగతి ఎత్తింది. అక్కడ గోదావరి దాటడానికి పంటు ఎక్కాలి. పడవ లాంటి పెద్ద బల్ల, దాని మీదకు చెక్కల మీదుగా కార్లు ఎక్కుతాయి. “నా బండి మూతి ఎత్తుగా ఉంటుంది కాబట్టి చక్కగా ఎక్కుద్ది. వారం వారం దాటుతాను. మూతి కిందికున్న బళ్లు రేవులో గీరుకుంటా ఉంటాయి పాపం.” మూతి కిందికున్న బండి ఎదురుగానే ఉంది. ఆవిడ దానివైపు చూడకుండా మర్యాద పాటించింది. రైతు తన కారులో నిచ్చెన ఎలా పడుతుందో చెప్పాడు. వాళ్లావిడ కాలు విరిగినప్పుడు ఆస్పత్రికి కట్టుతో సహా కాలు చాపించి ఎలా తీసుకెళ్లాడో చెప్పాడు.

పెద్దాయన వింటూ వింటూ, షావుకారుగార్ని సూటిగా అడిగాడు. మీ సొమ్ముతో అయితే ఏది కొంటారు?

షావుకారుగారు లేచి కొత్త కారు దగ్గరికెళ్లాడు. ఆ మాట నేరుగా చెప్పాల్సి వచ్చినందుకు బాధగా ఉన్నట్టు, దండ మీద చెయ్యి వేసి సర్దాడు.

“ఇది ఇంట్లో పెట్టుకుని చూసుకోవాల్సిన బండండి,” అన్నాడు.

అదీ ఉన్నదున్నట్టే చెప్పాను. పెద్దాయన అంతసేపట్లో మొదటిసారి గట్టిగా నవ్వాడు.

వానాకాలమంతా కబురు లేదు. మా బావమరిది ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. మా ఆవిడ పెసరట్టు సగమే వేయడం మొదలుపెట్టింది. వరి కోతలు మొదలయ్యాక ఓ రోజు అతనికి చెన్నై నుంచి ఫోనొచ్చింది. ఇంజనీరు అమ్మాయి. పలకరింపు కూడా సరిగా కాకముందే, “ఆ బిందె ఎత్తెంత అండీ?” అని అడిగిందట. అతను కొలిచి చెప్పలేదు. స్టీలు సామాన్ల కొట్టుకెళ్లి అలాంటిదే కొత్త బిందె కొని, ఖాళీగా పంపడం బాగోదని నిండా కాజాలు పోయించి పార్సిల్ చేశాడు. బిందె అక్కడికి చేరిందనీ, కాజాలు డ్రాయింగులు గీసే గది దాటలేదనీ ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

పాత కారునే మళ్లీ గీసి చేయాలని కంపెనీ నిర్ణయించింది. ఇదంతా బిందె మహిమ అని మా బావమరిది నమ్మకం. సుంకాలు, విడిభాగాలు, మిగతా ఊళ్లలో విన్న మాటలు, ఇంకా మనకు తెలియని లెక్కలు ఉండే ఉంటాయని నాకు తెలుసు. అన్నేళ్లు ఆ పేజీ చూశాక ఒక్క కారణంతో ఏ కంపెనీ ఏదీ చేయదని నాకు అనుభవం. కానీ అతనితో వాదించలేదు. మొదట గీసిన బొమ్మలో పైకప్పు కిందికి దిగిందనీ, బిందె వెళ్లాక మళ్లీ లేచిందనీ ఆ అమ్మాయే చెప్పింది. అంతవరకు అతని మాటే నిజం.

కొత్తది రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా పాతదే తయారవుతూ, అమ్ముడవుతూ ఉంది. షెడ్డు నడిచింది. ఈ మధ్యనే కొత్త కారు షోరూంలోకి వచ్చింది. ముఖం మారింది, లోపల తెరలు, మీటలు వచ్చాయి. పక్క నుంచి చూస్తే మాత్రం ఇంకా అట్టపెట్టే, కాస్త ఖరీదైన అట్టపెట్టె. ఇంజనీరు అమ్మాయి కూడా వచ్చింది. దండ వేద్దామని మా బావమరిది అనుకుంటే నేనే ఆపాను.

షావుకారుగారు వచ్చాడు. వెనకే డ్రైవరు ఖాళీ బిందె పట్టుకుని. ఆయన కారు ముందు వైపుకు వెళ్లలేదు, తెరలు చూడలేదు. తిన్నగా డిక్కీ తెరిపించి, బిందె నిలబెట్టి, మూత వేశాడు. తీశాడు. మూత లోపలి వైపు తడిమాడు. మళ్లీ వేశాడు. షెడ్డులోంచి ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“ఎలా ఉందండీ?” అని ఆ అమ్మాయి అడిగింది.

షావుకారుగారు పెదవి విరిచాడు.

“ఏదోనండి. పర్లేదు. తిరగడానికి పనికొస్తుంది.”

నేను ఇంగ్లీషులో చెప్పబోయాను. ఆ అమ్మాయి చెయ్యెత్తి నన్ను ఆపింది. ముఖం వెలిగిపోతోంది.

మా బావమరిది అప్పటికే మెకానిక్కుల వైపు తిరిగి, “చూస్తారేంటయ్యా, షావుకారుగారికి కుర్చీ వేయండి,” అని కేకేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, అక్క ఇంట్లోనే ఉందా, ఉంటే పెసరపప్పు నానబోసి ఉందేమో అడగమన్నాడు.